ఉప్పు లేని నీళ్ళు

ఇమాంసాహెబ్ దేన్నీ ఒక్క చూపుకు నమ్మే మనిషి కాదు. గుమ్మడికాయ కొంటే తట్టి చూస్తాడు, తిప్పి మళ్ళీ తట్టి చూస్తాడు. బస్సు కండక్టరు "తిరుపతి, తిరుపతి" అని అరుస్తున్నా సరే, ఎక్కి కూర్చున్నాక పక్క మనిషిని "ఇది తిరుపతికే గదా?" అని అడుగుతాడు. "పెండ్లయి ముప్పై తొమ్మిదేండ్లు. ఈయన నా మాటకు అడ్డం చెప్పకుండా నమ్మింది రెండే సార్లు, రెండు సార్లూ జ్వరంలో ఉండాడు" అంటుంది ఆయన భార్య గౌసియా బీ.

అందరూ అది ఆయన పుట్టుక గుణం అనుకుంటారు. ఆయన్ని కొంచెం దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి నాకు అలా అనిపించదు. అది ఆయన పని నేర్పిన గుణం. పుత్తూరు శివార్లలో, మరమగ్గాలకు పోయే నూలుకు రంగులద్దే షెడ్లున్నాయి. పన్నెండో ఏట తండ్రి వెంట వెళ్ళి అక్కడ తొట్టి ముందు నిలబడ్డవాడు, మోకాళ్ళు మొరాయించేదాకా, అరవై ఏళ్ళు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు. తొట్టిలో ఉన్నప్పుడు నూలుది ఒక రంగు. పిండితే ఇంకొకటి. ఎండితే మరొకటి. తడి నూలును చూసి సరిపోయిందని మురిసినవాడు మరుసటి పొద్దున తల పట్టుకుంటాడు. కళ్ళు చూపించిందాన్ని ఆరేదాకా నమ్మకూడదని ఆయన తండ్రి చెప్పేవాడట.

మోకాళ్ళు పోయాక షెడ్డు యజమాని మునిచంద్ర ఆయనకు కూర్చుని చేసే పని ఒకటి చూపించాడు. మునిచంద్ర తండ్రి కాలం నుంచీ ఇమాంసాహెబ్ ఆ షెడ్డు మనిషే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వంకలో ఈత నేర్చుకున్నారు. ఆ వంకలోకే షెడ్డు రంగు నీళ్ళు పోయేవి. పోయిన ఏడు దాని మీద ఫిర్యాదులు ఎక్కువై, నీళ్ళు శుభ్రం చేసి వదలకపోతే షెడ్డుకు తాళం వేస్తామని నోటీసు వచ్చింది. అదే సమయంలో తిరుపతిలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న రూపశ్రీ అనే అమ్మాయి, తాను తయారుచేసిన ఒక సరుకును నిజమైన రంగు నీళ్ళ మీద పరీక్షించడానికి షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. మునిచంద్రకు తాళం తప్పించుకునే దారి దొరికింది. ఆ అమ్మాయికి షెడ్డు దొరికింది. ఇమాంసాహెబ్‌కు ఆ యంత్రాన్ని చూసుకునే పని దొరికింది.

యంత్రం అంటే పెద్దగా ఏమీ లేదు. షెడ్డు నుంచి వచ్చే నీళ్ళు ముందు ఒక సిమెంటు గుంతలో పడతాయి. అక్కడ ఆసిడ్ కలిపి, రంగుతో పాటు వేసిన సోడా ఘాటు తగ్గిస్తారు. ఆ గుంత నుంచి పంపు నీళ్ళను తోడి, మనిషికి రెండింతల ఎత్తున్న ఒక గొట్టంలోకి పై నుంచి వదులుతుంది. గొట్టం నిండా రూపశ్రీ తెచ్చిన గింజలు. కింద కుళాయి. గొట్టానికి నిలువునా ఒక అద్దపు పట్టీ ఉంది, లోపల ఏం జరుగుతుందో కనిపించడానికి.

గింజలు మూటల్లో వచ్చిన రోజు ఇమాంసాహెబ్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. జొన్న గింజంత ఉంది, లేత గోధుమ రంగు. వాసన చూశాడు.

"ఏందమ్మా ఇది? చేపల వాసనొస్తా ఉండాది."

"రొయ్య పొట్టు తాతా" అంది రూపశ్రీ. "పులికాట్ గట్టున రొయ్యలు వొలిచి పారేస్తారు గదా, ఆ పొట్టులో సారం తీసి, ఇనుముతో చేసిన ఒక పొడి కలిపి గింజలు కట్టినాము. ఆ పొడి నిండా కంటికి కనపడని గూళ్ళు. రంగు వచ్చి ఆ గూళ్ళల్లో కూర్చుంటాది, నీళ్ళు ముందుకు పోతాయి."

"ఇంత గింజలో ఎంత రంగు కూర్చుంటాది?"

"ఒక చెంచాడు గింజల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఈ షెడ్డూ, ముందుండే కళ్ళమూ నిండిపోతాయి."

ఇమాంసాహెబ్ షెడ్డును చూశాడు, కళ్ళాన్ని చూశాడు, చివరికి ఆ అమ్మాయిని చూశాడు. ఆమె చిత్తూరు పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి. కళ్ళార్పకుండా అబద్ధం చెప్పే వయసే అనుకున్నాడు. ఆమెకు అది అర్థమైనట్టుంది. సంచిలోంచి బొరుగుల పొట్లం తీసి ఒకటి విరిచి చూపించింది.

"లోపల చూడు తాతా. అంతా గాలి గదులే. బియ్యం గింజకు లేని చోటు బొరుగుకు యాడ నుంచి వచ్చింది? ఇదీ అంతే. గదులు ఇంకా చిన్నవి, ఇంకా ఎక్కువ."

ఆయన ఆ బొరుగును నోట్లో వేసుకున్నాడు గానీ మాటను మాత్రం మింగలేదు.

ఆయన అనుమానానికి కారణం ఉంది. పదేళ్ళ కిందట ఒకాయన ఇట్లాగే వచ్చి ఏదో పొడి చల్లి రంగు నీళ్ళను తెల్లగా చేసి చూపించాడు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ తెల్ల నీళ్ళు తాగిన రెండు దూడలు పొద్దుకల్లా చచ్చిపోయాయి. ఆ పొడి బ్లీచింగు. రంగును తీసెయ్యలేదు, కనపడకుండా చేసిందంతే. అప్పటి నుంచి తెల్లటి నీళ్ళంటే ఇమాంసాహెబ్‌కు రంగు నీళ్ళకంటే ఎక్కువ భయం.

అందుకే మొదటి పది రోజులు కుళాయి దగ్గరే కూర్చున్నాడు. గుంతలో ముదురు నీలం, కింద కుళాయిలో తేట నీళ్ళు. వాసన చూశాడు, బ్లీచింగు లేదు. నీలం నూలు పోగు ఒకటి తెచ్చి ఆ తేట నీళ్ళలో రాత్రంతా నానేశాడు. పోగు వెలిసిపోలేదు. అద్దపు పట్టీలో చూస్తే పై గింజలు నల్లగా మారుతున్నాయి. ఆ నలుపు రోజుకు నాలుగు వేళ్ళ వెడల్పు కిందికి దిగుతోంది, తడిసిన గోడ మీద చెమ్మ దిగినట్టు. ఆయన అద్దం మీద ఇంటి నుంచి తెచ్చిన బొగ్గుతో ఏ రోజుకా రోజు గీత పెట్టడం మొదలుపెట్టాడు. ఒక నల్ల గింజను తీసి బ్లేడుతో కోశాడు. లోపలిదాకా నీలమే.

"ఆ పిల్ల చెప్పింది నిజమేనేమో" అన్నాడు ఆ రోజు ఇంట్లో.

గౌసియా బీ ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

ప్రతి సోమవారం రూపశ్రీ తిరుపతి నుంచి వచ్చేది. గుంతలో ఒక సీసా, కుళాయి దగ్గర ఒక సీసా పట్టుకుని పోయేది. పంపు నడిపే జోయల్ ఆమె వచ్చేసరికి అంతా కడిగి సిద్ధంగా ఉంచేవాడు. జోయల్‌కు ముప్పై దాటాయి, మాట నెమ్మది, ఇమాంసాహెబ్‌ను మామా అని పిలిచేవాడు.

మార్చి నెలలో ఒకరోజు గురవమ్మ వచ్చింది. వడమాలపేట రోడ్డు పక్కన, షెడ్డుకు దిగువన, ఆమెకు అరెకరం కనకాంబరం తోట ఉంది. ఒక నీళ్ళ సీసా తెచ్చి మునిచంద్ర బల్ల మీద పెట్టింది.

"ఇది నా బోరు నీళ్ళు. మీరు వంకలో వదిలేటప్పుడు గూడా ఇంత చెడ్డ లేదప్పా. మీ మిషను పెట్టినాక ఇంకా చెడిపోయినాది. సెట్లు ఆకుల కొసలు మాడిపోతా ఉండాయి."

మునిచంద్ర నవ్వాడు. "గురవమ్మక్కా, ఇప్పుడు మేము వంకలోకి సుక్క రంగు వదలడం లేదు. పోయి కుళాయి చూసుకో. అద్దం మాదిరి వస్తా ఉండాయి నీళ్ళు. మిషను పెట్టినాక చెడిపోయిందంటే నవ్విపోతారు."

అక్కడున్న పనివాళ్ళు నవ్వారు. ఇమాంసాహెబ్ కూడా నవ్వాడు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన తల దించుకున్నాడు. గురవమ్మ ఎవరి వంకా చూడకుండా ఆయన వైపే చూసి, "నువ్వు గూడానా సాయిబూ. ఆ కుళాయి కాడ కుక్క మాదిరి కాపలా కాస్తా ఉండావు, ఎవురి కోసమో నాకు తెల్దా?" అని సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు కోపం వచ్చింది. ఆ కోపంలో కుళాయి దగ్గరికి పోయి అద్దపు పట్టీ చూస్తే, అప్పుడు కనిపించింది. బొగ్గు గీతలు ఇరవై నాలుగు ఉన్నాయి. నలుపు ఇరవై నాలుగో గీత దగ్గర ఉంది. ఆ గీత పెట్టి, ఇక నమ్మకం కుదిరి గీతలు మానేసి ఎనిమిది రోజులైంది.

నలుపు దిగడం ఆగిపోయింది.

మొదట ఆయన తన లెక్క తప్పనుకున్నాడు. ఇంకో వారం చూశాడు. కదలలేదు. సోమవారం రూపశ్రీతో అంటే ఆమె ముఖం వెలిగింది. "నలభై రోజులకు నిండిపోతాయనుకున్నాము తాతా. ఇప్పటికే నలభై దాటినాయి, ఇంకా సగం రంగెక్కకుండానే ఉండాయి. మేము అనుకున్నదానికంటే రెండింతలు పని చేస్తా ఉండాయి!" మునిచంద్ర మిఠాయి తెప్పించి పంచాడు. పేపరు విలేకరి ఒకాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు.

ఇమాంసాహెబ్ మిఠాయి జేబులో పెట్టుకున్నాడు. నూలు రంగు పీల్చడం ఆపిందంటే రెండే కారణాలు. నూలు నిండిపోయి ఉండాలి, లేదా తొట్టిలో రంగు అయిపోయి ఉండాలి. ఇక్కడ సగం గింజలు ఇంకా రంగెక్కకుండా, ఆకలిగా ఉన్నాయి. అంటే పై నుంచి వస్తున్న నీళ్ళలో రంగే లేదు. కానీ గుంతలో రంగు కళ్ళెదుట ఉంది. ఈ రెండూ ఎట్లా కుదురుతాయి?

ఎవరినీ అడగలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. ఆ అమ్మాయే ఏదో మాయ చేస్తోందా? పేరు కోసం చదువుకున్నవాళ్ళు ఏమైనా చేస్తారని విన్నాడు. జోయలా? జోయల్ ఈ మధ్య ఆయన కళ్ళలోకి చూడడం లేదు. లేక ముసలి చూపు తననే మోసం చేస్తోందా? నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గౌసియా బీ ఏమైందని అడిగితే, ఆమెను కూడా ఒక్క క్షణం అనుమానంగా చూశాడట, ఎవరైనా అడగమన్నారేమోనని.

శుక్రవారం నమాజు ముగించుకుని ఎండ వేళ షెడ్డుకు వచ్చాడు. షెడ్డు బయట నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, ఉతికే కడపరాయి బండ ఉంది, నల్లనిది. దాని మీద రంగు నీళ్ళు పడి ఎండితే తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో బస్తాల కొద్దీ ఉప్పు పోయాలి, అది ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇమాంసాహెబ్ కుళాయి నుంచి ఒక చెంబు నీళ్ళు పట్టి బండ మీద ఒక మూల పోశాడు. గుంతలో నుంచి ఒక చెంబు తెచ్చి ఇంకో మూల పోశాడు. పక్కన చతికిలబడి కూర్చున్నాడు.

ఏప్రిల్ ఎండ. పావుగంటలో రెండూ ఆరిపోయాయి. గుంత నీళ్ళు పడిన చోట నీలం మరక, దాని మీద తెల్లటి ఉప్పు పొర. కుళాయి నీళ్ళు పడిన చోట ఏమీ లేదు. వేలితో రుద్ది చూశాడు. నల్ల బండ నల్లగానే ఉంది.

సోమవారం రూపశ్రీ రాగానే అడిగాడు. "అమ్మా, మీ గింజలు ఉప్పును గూడా పట్టుకుంటాయా?"

"లేదు తాతా. రంగును మాత్రమే. ఉప్పు నీళ్ళతో పాటే కిందికి వచ్చేస్తాది. దానికి వేరే పద్ధతి కావాల. ఏం, ఎందుకు?"

"ఊరికే" అన్నాడు. ఆమెకు అప్పుడే చెప్పలేదు. ఆమె ఆ జవాబు ఇంత తేలిగ్గా చెప్పిందంటే ఆమెకు సంగతి తెలియదన్నమాట, లేదా చాలా బాగా తెలుసన్నమాట. ఏదో తేలేదాకా నోరు విప్పకూడదనుకున్నాడు.

మరుసటి రోజు జోయల్ టీకి వెళ్ళినప్పుడు ఇమాంసాహెబ్ పంపు గదిలోకి వెళ్ళాడు. సోడా బస్తాలు గోడకు ఆనించి మునుపటికంటే ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక ఒంగి చూస్తే కొత్త ప్లాస్టిక్ పైపు, అతుకు దగ్గర జిగురు ఇంకా తెల్లగా ఉంది. పంపుకు రెండు దారులు. ఒకటి గుంత నుంచి వస్తుంది, దాని తిప్పుడు, అంటే వాల్వు, మూసి ఉంది. ఇంకోటి షెడ్డు మంచినీళ్ళ బోరు నుంచి వస్తుంది, అది తెరిచి ఉంది. గొట్టంలోకి పోతున్నది మంచినీళ్ళు. గింజల మీద నుంచి జారి, మంచినీళ్ళుగానే కిందికి వస్తున్నాయి.

మరి గుంతలోని రంగు ఎక్కడికి పోతోంది? గుంత అడుగు నుంచి ఇంకో పైపు గోడ దాటి బయటికి పోయింది. ఆయన నొప్పి మోకాళ్ళతో ఆ పైపు వెంట నడిచాడు. ఆముదం చెట్ల మధ్య, ఆరేళ్ళ కిందట ఎండిపోయిన బోరు ఒకటి ఉంది. దాని మూతికి గోనె పట్టా కప్పి రాళ్ళు పెట్టారు. పైపు ఆ పట్టా కిందికి పోయింది. ఆయన వంగి ఇనుప గొట్టానికి చెవి ఆనించాడు.

లోపల, చాలా లోతున, నీళ్ళు పడుతున్న చప్పుడు.

వంకలో పోయేటప్పుడు కనీసం కంటికి కనపడేది. ఇప్పుడు నేరుగా భూమి గుండెల్లోకి పోస్తున్నారు. గురవమ్మ బోరు ఎందుకు ఇంకా చెడిపోయిందో ఆయనకు అక్కడ, ఆ గొట్టం పక్కన తెలిసింది.

నేరుగా మునిచంద్ర దగ్గరికి పోయాడు. తలుపు దగ్గరేసి కూర్చున్నాడు.

"అప్పా, ఆముదం సెట్లలో బోరు సూసినాను."

మునిచంద్ర చాలా మామూలుగా చెప్పాడు. "ఆ గొట్టం పట్టేది మన నీళ్ళల్లో మూడో వంతు గూడా కాదు ఇమాం బాయ్. మిగిలింది మొదటి నుంచీ ఆ బోరులోకే పోతా ఉండాది. అది పట్టేదాకా ఆగితే షెడ్డు వారంలో నాలుగైదు రోజులు మూసుకోవాల. పదైదు ఇండ్లు బతుకుతా ఉండాయి ఈడ. మంచినీళ్ళు పెడితే కుళాయి దినమంతా నిండుగా పారతాది. ఆ పిల్ల పరీక్ష బాగా ఉండాది, నోటీసు ఇచ్చిన సార్లు వచ్చి కుళాయి సూసి పోతా ఉండారు, అందురికీ బాగుండాది. నీకేమి కష్టం?"

"గురవమ్మ బోరు?"

"ఓహో." మునిచంద్ర ముందుకు వంగాడు. "నలభై ఏండ్లు వంకలోకి రంగు నీళ్ళు వదిలినవాడివి నువ్వు. మా నాయన సెప్తే నువ్వు తిప్పుడు తిప్పినావు. అప్పుడు గురవమ్మ అత్త తోట లేదా ఆడ? అప్పుడు నీకు అనుమానం రాలేదే?"

అది నిజం. ఇమాంసాహెబ్ లేచి ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళుగా పాలవాణ్ణి, కండక్టరును, పెళ్ళాన్ని, అందరినీ అనుమానించాడు. తన చేతిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. రాత్రి గౌసియా బీకి అంతా చెప్పాడు. పడుకునే ముందు ఆమె అంది, "నువ్వు చేసింది తప్పే. అందుకని వాడు చేసేది ఒప్పయిపోతాదా?"

రూపశ్రీకి ఫోను చేసి అంతా చెప్పాడు. "నేను చూసుకుంటాను తాతా, ఎవురికీ చెప్పొద్దు" అంది. అంతే. తర్వాతి సోమవారం ఆమె రాలేదు. ఫోను ఎత్తలేదు.

ఎనిమిది రోజులు. ఇమాంసాహెబ్‌కు లెక్క తేలిపోయింది. ఆ పిల్లకు ఈ ఫలితాలే కావాలి, వీటి మీదే ఆమె చదువు, పేరు. మునిచంద్ర ఆమెతో మాట్లాడి ఉంటాడు. ఇద్దరూ ఒక్కటైపోయారు. ఇక మిగిలింది తానొక్కడే, పైగా నలభై ఏళ్ళు తిప్పుడు తిప్పిన చెయ్యి. ఎవరు నమ్ముతారు?

తొమ్మిదో రోజు పొద్దున ఆమె వాళ్ళ ఇంటికే వచ్చింది, ఒక పెట్టె మోసుకుని. కళ్ళు వాచి ఉన్నాయి. పెట్టెలో ఎనిమిది సీసాలు, వారానికి ఒకటి చొప్పున కుళాయి దగ్గర పట్టినవి.

"అన్నీ మళ్ళా పరీక్ష చేసినాను తాతా. మొదటి మూడు సీసాల్లో ఉప్పు ఉండాది. నాలుగోదాని నుంచి లేదు. నేను రంగు ఒక్కటే కొలిచినాను. ఉప్పు కొలవాలని తోచలేదు నాకు. తోచకపోవడం కాదు, ఫలితం బాగుండాదని ఇంక కొలవబుద్ధి కాలేదు." ఆగింది. "మా సార్‌కు చెప్పేదానికే నాలుగు రోజులు పట్టింది. ఏడ్చినాను. పరిశోధన పత్రికకు పంపిన వ్యాసం వెనక్కి తీసుకున్నాను."

ఇమాంసాహెబ్ ఆమెకు నీళ్ళు ఇచ్చాడు. తాను ఆమె గురించి ఏమనుకున్నాడో చెప్పాడు, దాచలేదు. ఆమె ఆశ్చర్యపోలేదు. "నేను గూడా నిన్ను అనుమానించినాను తాతా. ఓనరు మీద ఏదో కోపంతో చెప్తా ఉండావేమో అనుకున్నాను. అందుకే సీసాలు చూసేదాకా ఫోను ఎత్తలేదు."

ఇద్దరూ కలిసి గురవమ్మ ఇంటికి వెళ్ళారు. తర్వాత ముగ్గురి సంతకాలతో ఫిర్యాదు వెళ్ళింది. అధికారులు పగటిపూట చెప్పకుండా వచ్చారు, ఆముదం చెట్ల మధ్య గోనె పట్టా తీశారు. బోరు మూతిని కాంక్రీటుతో పూడ్చారు. షెడ్డుకు తాళం పడింది.

తాళం ఉన్న నాలుగు నెలలు ఇమాంసాహెబ్ జీవితంలో అన్నిటికంటే బరువైనవి. పదిహేను ఇళ్ళవాళ్ళు పని కోసం నగరికీ, తమిళనాడు వైపుకూ పోవలసి వచ్చింది. మసీదు దగ్గర సలాం చెబితే కొందరు తల తిప్పుకున్నారు. జోయల్ ఒకరోజు వీధిలో ఎదురై, "మామా, నాతో ముందు ఒక్క మాట చెప్పింటే నేనే మూసేసింటాను" అన్నాడు. ఇమాంసాహెబ్ నమ్మలేదు. కానీ నమ్మనందుకు ఆయనకు బాధ కలిగింది. మునిచంద్ర ఇంటి పెళ్ళికి వీధంతా పిలుపు వచ్చింది, ఆయనకు తప్ప.

వానాకాలం పోతుండగా షెడ్డు మళ్ళీ తెరిచారు. ఈసారి మూడు గొట్టాలు, నీళ్ళంతా పట్టేన్ని గింజలు. పాత గొట్టంలో రంగు నీళ్ళు నిజంగా పారిస్తే గింజలు ముప్పై ఎనిమిది రోజులకు నిండాయి. రూపశ్రీ మొదట వేసిన లెక్కకు రెండు రోజులు తక్కువ. రంగు పోయిన ఉప్పు నీళ్ళను బయటికి వదలకుండా మళ్ళీ తొట్టిలోకే వాడుతున్నారు. కొత్తగా ఉప్పు బస్తాలు తక్కువ పడుతున్నాయని మునిచంద్రే ఇప్పుడు అందరికీ చెప్తున్నాడు. ఆ నీళ్ళతో అద్దిన మొదటి చిలపను ఇమాంసాహెబ్‌కు చూపించాలని పనివాళ్ళు అడిగితే మునిచంద్ర వద్దనలేదు. ఇమాంసాహెబ్ దాన్ని ఎండలో ఆరబెట్టి, మరుసటి రోజు చూసి, బాగుందన్నాడు.

షెడ్డు తెరవడానికి పెట్టిన షరతుల్లో ఒకటి, కుళాయిని చూసే మనిషి యజమాని మనిషి కాకూడదని. పంచాయతీ సమావేశంలో ఎవరిని పెట్టాలని గంటసేపు వాదన జరిగింది. గురవమ్మ వెనక నుంచి లేచింది.

"ఆ సాయిబునే పెట్టండి. ఆయప్ప ఎవుర్నీ నమ్మడు."

గురవమ్మ బోరు మాత్రం బాగుపడలేదు. రెండు వానలకు రంగు తగ్గింది, ఉప్పు పోలేదు. కనకాంబరం పీకేసి, ఉప్పుకు ఓర్చుకునే పశువుల గడ్డి వేసుకుంది. తాగే నీళ్ళు క్యాన్లలో తెచ్చుకుంటోంది. అది ఎన్నేళ్ళకు బాగవుతుందో రూపశ్రీ చెప్పలేకపోయింది. "తెలీదక్కా" అంది. ఆ ఒక్క మాట మీద గురవమ్మ ఆ అమ్మాయిని నమ్మడం మొదలుపెట్టింది.

పోయిన నెల ఇమాంసాహెబ్‌కు ఇంకో అనుమానం వచ్చింది. నిండిన గింజలను కాస్టిక్ నీళ్ళతో కడిగితే పట్టుకున్న రంగును వదిలేస్తాయి, గింజలు మళ్ళీ పనికొస్తాయి. కానీ ఆ వదిలిన రంగు? ఆ చిక్కటి నీళ్ళను పళ్ళేల్లో ఎండబెడితే మట్టిలాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని సంచుల్లో కట్టి, అలాంటి చెత్తను పూడ్చడానికి సర్కారు అనుమతించిన చోటికి లారీలో పంపుతారని కాగితంలో ఉంది.

"రంగు యాడికీ పోదమ్మా" అన్నాడు రూపశ్రీతో. "నీళ్ళల్లో నుంచి గింజలోకి వచ్చినాది, గింజలో నుంచి సంచిలోకి వచ్చినాది. సంచి యాడికి పోతాదో కాగితం సెప్తాది. కాగితాన్ని ఎవురు సూసినారు?"

ఇరవై రెండు సంచులు ఎక్కించిన లారీ పుత్తూరు నుంచి బయల్దేరేటప్పుడు, ఆయన డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. మోకాలికి గుడ్డ చుట్టుకున్నాడు, ఒడిలో గౌసియా బీ కట్టిచ్చిన రొట్టెలు. డ్రైవరు గిరిప్రసాద్ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. "ఈ మట్టిని ఎవురు దొంగతనం జేస్తారు పెద్దాయనా?"

"దొంగతనం గాదప్పా, యాడైనా వంకలో దించేస్తావేమోనని."

మధ్యాహ్నానికి చేరారు. గేటు దగ్గర తూకం వేసి, మనుషులు ముఖాలకు గుడ్డలు కట్టుకుని సంచులు దించసాగారు. అడుగున మందపాటి నల్ల షీటు పరిచిన పెద్ద గొయ్యి అది. గిరిప్రసాద్ భోజనానికి పిలిచాడు. ఇమాంసాహెబ్ రాలేదు. గొయ్యి గట్టున, నీడ కోసం తల మీద తువ్వాలు వేసుకుని నిలబడి, ఒక్కొక్క సంచిని వేలితో లెక్కపెట్టాడు. ఇరవై రెండోది దిగాక అక్కడి మేనేజరును అడిగాడు.

"ఈ షీటు కింద ఏముండాది సార్?"